కరువును విడదీసి చూపడం: అనంతపురం నేలపై వాతావరణ మార్పు బోధన, ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
వాతావరణ మార్పును బోధించడానికి ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలలు తగిన సాధనాలన్న అభిప్రాయం విద్యారంగంలో బలపడుతోంది. అనంతపురం వంటి కరువు పీఠభూమిలో ఈ అభిప్రాయాన్ని యథాతథంగా స్వీకరిస్తే ఎదురయ్యే చిక్కులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇక్కడి విద్యార్థికి వానలేమి కొత్త కాదు. అందువల్లనే వాతావరణ మార్పును మరో కరువుగా పొరబడే ప్రమాదం ఉంది. కరువులో నేల స్వభావం నుంచి వచ్చినదేది, మనుషుల నిర్ణయాల నుంచి వచ్చినదేది, భూతాపం వల్ల కొత్తగా చేరుతున్నదేది అన్నది విడదీసి చూపడమే ఈ ప్రాంతంలో ప్రదర్శనశాల చేయదగిన ప్రధానమైన పని అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనంతపురం, కరువు, వాతావరణ మార్పు, ప్రకృతి చరిత్ర, ప్రదర్శనశాల, చెరువులు, పర్యావరణ బోధన.

1. ఉపోద్ఘాతం:
1991 నవంబరులో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పర్యావరణ విద్యను పాఠ్యప్రణాళికలో తప్పనిసరి చేసే దిశగా మొదటి గట్టి అడుగు. ఆ తరువాత డిగ్రీ స్థాయిలో పర్యావరణ అధ్యయనం ఒక పత్రంగా స్థిరపడింది. అయితే ఆ పత్రాన్ని బోధించే తీరు చాలాచోట్ల నిర్వచనాలకు, కారణాల పట్టికకు, నివారణోపాయాల జాబితాకు పరిమితమైంది. ఈ లోటును పూరించే మార్గంగా ప్రదర్శనశాలల సందర్శన ముందుకు వచ్చింది. వస్తువును కళ్ళారా చూసినప్పుడు కలిగే అవగాహన పుస్తకంలోని వాక్యం వల్ల కలగదన్నది ఈ సూచనకు ఆధారం. 2022 ఆగస్టులో ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ప్రదర్శనశాలల మండలి ఆమోదించిన కొత్త నిర్వచనం కూడా సుస్థిరతను పెంపొందించడం ప్రదర్శనశాలల ధర్మాలలో ఒకటని పేర్కొంది.

ఈ సూచనలో బలం ఉంది. కానీ ఏ నేలపై నిలబడిన విద్యార్థికి ఏ వస్తువును చూపుతున్నారు అన్న ప్రశ్న దానితోపాటే రావాలి. ధ్రువప్రాంతపు మంచు కరగడం, పగడపు దిబ్బలు తెల్లబడడం వంటి దృశ్యాలు సముద్రతీర నగరంలోని విద్యార్థికి ఒక విధంగా, కళ్యాణదుర్గం నుంచో కదిరి నుంచో వచ్చిన విద్యార్థికి మరొక విధంగా అర్థమవుతాయి. మొదటివానికి అవి రాబోయే ముప్పుకు సూచనలు. రెండవవాని ఇంట్లో ముప్పు తాతల కాలం నుంచీ కాపురం ఉంది. అతనికి ప్రదర్శనశాల కొత్తగా ఏం చెప్పగలదన్నదే ఈ వ్యాసంలోని విచారణ.

2. రెండు మాటలు – కలిసిపోయిన అర్థాలు:
బోధనలోని మొదటి చిక్కు భాషలోనే ఉంది. పాఠశాల భూగోళశాస్త్రం రోజువారీ స్థితిని 'వాతావరణం' అనీ, దీర్ఘకాలపు సగటును 'శీతోష్ణస్థితి' అనీ వేరు చేసి చెబుతుంది. పత్రికలు, ప్రభుత్వ ప్రకటనలు, సభావేదికలు మాత్రం 'వాతావరణ మార్పు' అన్న మాటనే స్థిరపరిచాయి. భూమిని ఆవరించిన వాయుపొరకూ ఇదే పేరు. ఈ విధంగా ఒకే మాట మూడు అర్థాలను మోస్తోంది. నిన్న ఎండ, నేడు మబ్బు అన్నదీ వాతావరణ మార్పే, వందేళ్ళలో సగటు ఉష్ణోగ్రత పెరగడమూ వాతావరణ మార్పే అన్న అయోమయం విద్యార్థికి కలిగితే అందులో అతని తప్పు లేదు.

రెండవ మాట 'కరువు'. అనావృష్టి, క్షామం, దుర్భిక్షం అని సంస్కృతం వేరు చేసిన స్థితులను తెలుగు ఈ ఒక్క మాటలో ఇముడ్చుకుంది. వానకరువు, మేతకరువు, కూలికరువు, తిండికరువు అని రాయలసీమలో అంటున్నప్పుడు ఒకదాని వెంట ఒకటిగా వచ్చే నాలుగు దశలు ధ్వనిస్తాయి. ఈ గొలుసు జీవితానుభవంగా సత్యమే. అయితే మొదటి దశ ఆకాశానికి సంబంధించినది. చివరి దశ నిల్వలకు, ధరలకు, వేతనాలకు, పాలనకు సంబంధించినది. రెంటినీ ఒకే పేరుతో పిలిచేసరికి, తిండి లేకపోవడానికీ ఆకాశమే బాధ్యత వహించవలసి వస్తోంది.

'వాతావరణం', 'కరువు' అన్న ఈ రెండు మాటలూ కలిసినప్పుడు "వాతావరణ మార్పు వల్ల కరువు" అన్న వాక్యం సహజంగా, ప్రశ్నకు తావులేని నిజంగా వినిపిస్తుంది. శాస్త్రబోధన మొదలు కావలసింది ఈ వాక్యాన్ని ప్రశ్నించడంతో. మాట కలిపివేసిన దానిని వస్తువు విడదీయగలదు. ప్రదర్శనశాల అవసరం ఇక్కడే కనిపిస్తుంది.

3. ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల – శక్తి, పరిమితి:
శీతోష్ణస్థితిని నిర్ణయించడానికి శాస్త్రజ్ఞులు సాధారణంగా 30 ఏళ్ళ సగటును ప్రమాణంగా తీసుకుంటారు. ఇరవై ఏళ్ళ విద్యార్థి ఎన్నో కరువులను చూసి ఉండవచ్చు. ఒక్క శీతోష్ణస్థితిని కూడా పూర్తిగా చూసి ఉండడు. మార్పును గుర్తించడానికి అతని జ్ఞాపకం చాలదు, తేదీ వేసి భద్రపరచిన పాత సాక్ష్యం కావాలి. ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల సేకరణల అసలు విలువ ఇదే.

ఇందుకు రెండు ప్రసిద్ధ ఉదాహరణలున్నాయి. అమెరికాలోని బర్క్‌లీ జంతుశాస్త్ర ప్రదర్శనశాల తొలి సంచాలకుడు జోసెఫ్ గ్రినెల్ బృందం 1914–1920 మధ్య యోసెమిటీ ప్రాంతంలో చిన్న క్షీరదాలను సేకరించి, ఏది ఏ ఎత్తులో దొరికిందో నమోదు చేసింది. సుమారు తొంభై ఏళ్ళ తరువాత అదే దారిలో మళ్ళీ సర్వే జరిపినప్పుడు, పరిశీలించిన 28 జాతులలో సగానికి నివాస పరిధులు సగటున 500 మీటర్లు పైకి జరిగినట్లు తేలింది. ఈ ఫలితం 2008లో ప్రచురితమైంది. రెండవది బ్రిటన్‌కు చెందిన డెరెక్ రాట్‌క్లిఫ్ 1967లో ప్రకటించిన పరిశోధన. సేకరణలలోని పాత గుడ్ల పెంకులతో కొత్త పెంకులను పోల్చి, వేటపక్షుల గుడ్ల పెంకులు 1940ల చివరి నుంచి పలుచబడ్డాయని ఆయన చూపారు. డి.డి.టి. వంటి పురుగుమందుల ప్రభావాన్ని నిరూపించడంలో ఆ పోలిక కీలకమైంది. గుడ్లను, ఎలుకలను సేకరించిన నాటివారికి ఈ ప్రయోజనం తెలియదు. తేదీ, స్థలం రాసిపెట్టడమే తరువాతి తరానికి పనికివచ్చింది.

భారతదేశంలో జాతీయ ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల 1978 జూన్ 5న ఢిల్లీలో ప్రారంభమైంది. పరిశోధన సేకరణ కన్నా పర్యావరణ విద్యకే అది మొదటి నుంచీ ప్రాధాన్యమిచ్చింది. మైసూరు, భోపాల్, భువనేశ్వర్, సవాయ్ మాధోపూర్‌లలో దాని ప్రాంతీయ శాఖలు ఏర్పడ్డాయి. 2016 ఏప్రిల్ 26న జరిగిన అగ్నిప్రమాదంలో ఢిల్లీ ప్రదర్శనశాల దాదాపు పూర్తిగా దగ్ధమైంది. ఈ శాఖలలో అనంతపురానికి దగ్గరిది 1995లో మొదలైన మైసూరు ప్రదర్శనశాల. తెలుగు నేలకు వస్తే హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రంలోని కోటసారస్ అస్థిపంజరం విద్యార్థులను ఎక్కువగా ఆకర్షించే ప్రదర్శన. గోదావరి లోయలోని యామన్‌పల్లి వద్ద భారత భూగర్భ సర్వే సంస్థ తవ్వి తీసిన జురాసిక్ కాలపు జీవి అది.

ఈ ప్రదర్శనల ఆకర్షణను కాదనలేం. బోధన దృష్టితో చూస్తే రెండు లోపాలు కనిపిస్తాయి. మొదటిది దూరం. అంతరించిన రాక్షసబల్లి ముందు నిలబడిన విద్యార్థి విస్మయం పొందుతాడు. ఆ విస్మయానికీ అతని ఊరి చెరువుకూ మధ్య వంతెన ఎవరూ వేయరు. రెండవది, మనిషి లేకపోవడం. గాజు వెనుక అమర్చిన అడవి దృశ్యంలో పులి, జింక, చెట్టు ఉంటాయి. పశువుల కాపరి, కట్టెలమోపు, పట్టాదారు, కాంట్రాక్టరు ఉండరు. మనిషిని తొలగించిన ప్రకృతిలో మనిషి చేసిన మార్పును చూపడం ఎలా సాధ్యం? భూతాపం ప్రధానంగా మానవకార్యమని చెప్పవలసిన చోట ఈ తొలగింపు పాఠాన్నే దెబ్బతీస్తుంది. కళాశాలల జంతుశాస్త్ర విభాగాల్లో ఫార్మలిన్ సీసాల వరుసలు కూడా ఈ సంప్రదాయానికి చెందినవే. వాటిపై శాస్త్రీయనామం ఉంటుంది. ఎక్కడ, ఎప్పుడు దొరికిందన్న వివరం చాలాసార్లు ఉండదు. ఆ వివరం లేని నమూనా జీవిని గుర్తుపట్టడానికి పనికివస్తుంది, మార్పును కొలవడానికి పనికిరాదు.

4. రాయలసీమ ప్రకృతి చరిత్ర ఎక్కడ ఉంది?
దూరం నుంచి ఉదాహరణలు తెచ్చుకోవలసినంత బీదది కాదు రాయలసీమ. వజ్రకరూరు చుట్టుపక్కల ఉన్న కింబర్లైట్ రాతి గొట్టాలు సుమారు 110 కోట్ల ఏళ్ళ నాటివి. తొలకరి కురవగానే ఆ పొలాల్లో వజ్రాల కోసం జనం వెతకడం నేటికీ ఉంది. బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలను 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ తవ్వించినప్పుడు దొరికిన ఎముకలలో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. రిచర్డ్ లిడెక్కర్ 1886లో వాటిని వర్ణించి, కర్నూలు పేరు మీదుగానే ఆ జాతికి నామకరణం చేశాడు. ఈనాడు ముళ్ళపొదలు, రాళ్ళు కనిపించే సీమలో ఒకనాడు ఖడ్గమృగం మేసిందన్న సంగతి శీతోష్ణస్థితి, వృక్షసంపద స్థిరమైనవి కావని చెప్పడానికి ఏ మంచుఖండపు చిత్రం కన్నా సమర్థమైన పాఠం.

బనగానపల్లె సమీపంలోని జ్వాలాపురం ఇంకొక సాక్ష్యం. సుమారు 74,000 ఏళ్ళ క్రితం సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగసిన బూడిద జుర్రేరు లోయలో మందమైన పొరగా నిలిచింది. ఆ బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. ఆ ఉత్పాతాన్ని మనుషులు తట్టుకుని నిలిచారని 2007లో ఒక పరిశోధక బృందం వాదించింది. దాని ప్రభావం ఎంతన్నదానిపై చర్చ నడుస్తూనే ఉంది. ఆ బూడిదను వాణిజ్య అవసరాలకు తవ్వుకుపోవడం వల్లనే ఆ పొరలు బయటపడ్డాయి, ఆ తవ్వకంలోనే చాలాభాగం నశించాయి.

ఈ సాక్ష్యాలను వాడడంలో ఒక జాగ్రత్త అవసరం. "వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది కదా, ఇప్పుడు మారితే వింతేమిటి?" అన్న ప్రశ్న తరగతిలో తప్పక వస్తుంది. బిల్లసర్గం, జ్వాలాపురం చూపించి ఊరుకుంటే ఈ ప్రశ్నకు బలం చేకూర్చినట్లే అవుతుంది. పాత మార్పుకు కారణమేమిటి, దానికి పట్టిన కాలమెంత అన్న రెండు వివరాలు నమూనా పక్కనే ఉండాలి. ఆనాటి మార్పులకు భూకక్ష్యలోని నెమ్మది తేడాలు, అగ్నిపర్వతాలు వంటివి కారణాలు. నేటి మార్పుకు ప్రధాన కారణం బొగ్గు, చమురు, వాయువుల దహనం. పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల వంతులలో 280గా ఉన్న కార్బన్ డయాక్సైడ్ నేడు 420 దాటింది. ఆ పెరుగుదలకు పట్టిన కాలం రెండున్నర శతాబ్దాలు మాత్రమే.

సేకరణల స్థానమూ ఆలోచించదగినదే. బళ్ళారి, రాయలసీమ ప్రాంతాలలో ఫూట్ ఏరిన ప్రాచీన వస్తువులతో కూడిన సేకరణను 1904లో మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాల కొన్నది. అది నేడు చెన్నైలో ఉంది. దత్తమండలాల వస్తువులు రాజధానికి తరలాయి, ఆ మండలాల విద్యార్థికి దక్కినది పాఠ్యపుస్తకంలోని పేరా. సందర్శన బోధన గురించి మాట్లాడేవారు ఈ చరిత్రను పక్కన పెట్టలేరు.

5. కరువులోని మూడు పొరలు:
"జైసల్మేర్ తరువాత దేశంలో అతి తక్కువ వర్షపాతం అనంతపురానిదే" అన్న వాక్యం ప్రసంగాల్లో, వ్యాసాల్లో, పోటీపరీక్షల పుస్తకాల్లో తరచు కనిపిస్తుంది. అంకెలు దీనిని సమర్థించవు. అనంతపురం సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. బికనేర్, బాడ్మేర్, లేహ్ వంటి జిల్లాలు అందులో సగం వానను కూడా చూడవు. ఈ పోలిక సానుభూతి కోసం పుట్టింది, అవగాహనకు అడ్డుపడింది. అనంతపురం ఎడారి కాదు. పశ్చిమ కనుమల చాటున ఉండి నైరుతిని, తూర్పుతీరానికి దూరమై ఈశాన్యాన్ని సగం సగంగా అందుకునే పీఠభూమి ఇది. వార్షిక వానలో సగానికి పైగా జూన్–సెప్టెంబరు మధ్య, నాలుగో వంతుకు పైగా ఆ తరువాతి మూడు నెలల్లో పడుతుంది. ఎంత పడిందన్న దాని కన్నా ఎప్పుడు పడింది, రెండు వానల మధ్య ఎన్ని దినాలు గడిచాయన్నవే పంటను నిర్ణయిస్తాయి. రైతు ఈ సంగతిని మిల్లీమీటర్లలో చెప్పడు. 'పదును' అంటాడు. విత్తడానికి తగిన తేమ నేలలో నిలిచిందా లేదా అన్నది ఆ మాటలోని కొలత. వర్షపాతం, నేల లోతు, ఆవిరి వేగం మూడూ అందులో కలిసి ఉన్నాయి. ఇది కరువులోని మొదటి పొర: భూగోళం ఇచ్చినది, పాతది.

రెండవ పొర మనుషులది. లోతు తక్కువైన ఎర్రనేలలో ఒకప్పుడు కొర్ర, సామ, అరిక, జొన్న, సజ్జ, ఉలవ కలగలిసి పండేవి. ఇరవయ్యో శతాబ్దంలో వేరుశనగ ప్రవేశించి, క్రమంగా లక్షల హెక్టార్లను ఆక్రమించింది. మార్కెట్టు, రుణం, పంటల బీమా ఆ ఒక్క పంట చుట్టూ అల్లుకున్నాయి. పంటల వైవిధ్యం తగ్గినకొద్దీ ఒక్క వాన తప్పితే మొత్తం తప్పే స్థితి ఏర్పడింది. చెరువుల నిర్వహణ సడలింది. గట్టిరాతి నేలలో పైపొర కింద, పగుళ్ళలో మాత్రమే నిలిచే నీటిని బోర్లు తోడివేశాయి. వానతో ఏ సంబంధమూ లేకుండానే బోరు ఎండిపోగలదు. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఒడ్డున ఇసుకదిబ్బలు పొలాల మీదికి పాకడాన్ని చూసిన విద్యార్థికి అది ఎడారి రాకగా తోస్తుంది. నదిలో ప్రవాహం తగ్గడం, గాలిపాటు, ఒడ్డున చెట్ల కవచం పోవడం కలిసి చేసిన పని అది. రోళ్ళపాడులో బట్టమేకపిట్ట దాదాపు కనుమరుగు కావడమూ అటువంటిదే. 1988లో అభయారణ్యంగా గుర్తించిన ఆ గడ్డిమైదానం చుట్టూ జరిగిన భూవినియోగ మార్పులను చెప్పకుండా ఆ పక్షి బొమ్మ కింద 'వాతావరణ మార్పు బాధితురాలు' అని రాస్తే అది అబద్ధానికి దగ్గరగా ఉంటుంది.

మూడవ పొర కొత్తది. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో ప్రచురించిన అంచనా ప్రకారం 1901–2018 మధ్య భారతదేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. అంకె చిన్నదిగా కనిపిస్తుంది. వేడి పెరిగిన నేల నుంచి తేమ త్వరగా ఆవిరవుతుంది. అంటే వాన అంతే పడినా పదును తక్కువ దినాలు నిలుస్తుంది. ఒక డిగ్రీ వేడెక్కిన గాలి సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. అందువల్ల కురిసినప్పుడు కుండపోతగా కురిసే అవకాశం పెరుగుతుంది. అనంతపురంలో వాతావరణ మార్పు అంటే కేవలం వాన తగ్గడం కాదన్నది ఈ పొర చెప్పే పాఠం.

ఈ విభజనకు చరిత్రలోని మంచి నిదర్శనం ధాత కరువు. 1876–78లో దక్షిణ భారతాన్ని పీడించిన ఆ ఉత్పాతానికి పసిఫిక్ మహాసముద్రంలోని బలమైన ఎల్ నినోతో సంబంధం ఉందని నేటి శాస్త్రం చెబుతోంది. అది సహజమైన ఊగిసలాట, భూతాపం ఇంకా లెక్కలోకి రాని కాలం. వానలేమి ఆకాశం నుంచి వచ్చింది. ధాన్యం ఎగుమతులు సాగుతుండగా, సహాయశిబిరాల కూలిని కోసివేసిన పాలన ఆ వానలేమిని సామూహిక మరణంగా మార్చింది. సహజకారణం, మానవ నిర్ణయం రెండూ ఎంత స్పష్టంగా వేరుపడతాయో విద్యార్థికి చూపడానికి ఇంతకన్నా తగిన ఘట్టం లేదు.

6. ముసలమ్మ కట్ట – కరువు సీమలో వరద జ్ఞాపకం:
అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం చెరువుకు సంబంధించిన ప్రసిద్ధ గాథ వానలేమిని గురించినది కాదు. కుండపోత వానకు కట్ట తెగబోతున్నప్పుడు ఊరిని కాపాడడానికి ముసలమ్మ అనే కోడలు ప్రాణార్పణ చేసిన కథ అది. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో రచించిన 'ముసలమ్మ మరణము' కావ్యానికి ఇదే వస్తువు. సాహిత్య విమర్శ ఈ కావ్యాన్ని ఆధునిక కవిత్వావిర్భావ దృష్టితో, కరుణరస దృష్టితో విస్తారంగా చర్చించింది. పర్యావరణ చరిత్రకు సాక్ష్యంగా చదివితే ఇంకొక అంశం బయటపడుతుంది. కరువుకు పేరుపడిన సీమ తన ప్రజాస్మృతిలో వరదను దాచుకుంది. అతివృష్టి, అనావృష్టి రెండూ ఒకే వాన స్వభావానికి రెండు ముఖాలని ఆ జనానికి తెలుసు.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం ఈ తెలివిడిని ఇంజనీరింగు భాషలో చెప్పింది. 1369 నాటి ఆ శాసనం మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను పేర్కొంటుంది. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఒక దోషం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం మరొక దోషం. రెండు అతులనూ ముందే లెక్కలోకి తీసుకున్న నిర్మాణజ్ఞానం ఇది.

2021 నవంబరులో రాయలసీమను ముంచెత్తిన వానలకు చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ప్రాణనష్టం జరిగింది. 2022 అక్టోబరులో అనంతపురం నగరంలోనే వంక పొంగి కాలనీలు నీట మునిగాయి. ఏ ఒక్క వరదనూ నేరుగా భూతాపానికి ఆపాదించడం శాస్త్రసమ్మతం కాదు. వాగు దారిలో ఇళ్ళు లేవడం, కాలువలు పూడడం రెండవ పొరకు చెందిన కారణాలు. అయినా తీవ్రవర్షాల సంభావ్యత పెరుగుతోందన్న శాస్త్రవాక్యం ఈ నేలపై అర్థం కావాలంటే ముసలమ్మ కట్ట మీద నిలబడి చెప్పడమే సరైన పద్ధతి. 'శప్తభూమి' అన్న మాట బండి నారాయణస్వామి నవలకు శీర్షికగా సార్థకం. ఆ నవల దృష్టి ఆకాశం కన్నా సమాజం మీదనే ఎక్కువ. దానిని ప్రాంతానికి శాశ్వత విశేషణంగా తగిలించినప్పుడు మాత్రం శాపమే కారణమై, ప్రశ్నించడానికి ఏమీ మిగలదు.

7. ప్రదర్శనలోని నైతిక ప్రశ్న:
ధాత కరువు కాలంలో విల్లోబీ వాలస్ హూపర్ తీసిన ఛాయాచిత్రాలు ప్రపంచానికి ఆ క్షామాన్ని చూపాయి. ఎముకలగూళ్ళ వంటి మనుషులను వరుసగా కూర్చోబెట్టి తీసిన ఆ చిత్రాలు నాటి నుంచీ విమర్శను ఎదుర్కొంటున్నాయి. బాధను దృశ్యంగా మార్చినప్పుడు చూసేవాడు జాలిపడతాడు, కారణాన్ని అడగడం మరచిపోతాడు. నెర్రెలిచ్చిన నేల, ఖాళీ బిందె, నుదుటిపై చేయి పెట్టుకుని ఆకాశం చూస్తున్న రైతు అన్న నేటి గోడపత్రాల మూసచిత్రం ఆ సంప్రదాయానికి కొనసాగింపే. కరువు ప్రాంతపు విద్యార్థికి అటువంటి ప్రదర్శన తన ఇంటివారినే ప్రదర్శనవస్తువులుగా చూపుతుంది.

బాధ్యత పంపిణీలోనూ న్యాయం అవసరం. మొక్కలు నాటుదాం, ప్లాస్టిక్ మానుదాం అన్న నినాదాలతో ముగిసే ప్రదర్శన భూతాపానికి అందరూ సమానంగా కారకులన్న భావం కలిగిస్తుంది. భారతదేశపు తలసరి కార్బన్ డయాక్సైడ్ ఉద్గారం ప్రపంచ సగటులో సగానికి లోపే. అందులో మెట్టరైతు, కూలీల వాటా ఇంకా తక్కువ. అందరికన్నా తక్కువ కారకుడైనవాడు అందరికన్నా ఎక్కువ నష్టపోతున్నాడన్న వాస్తవాన్ని చెప్పని పాఠం అసంపూర్ణం. అదేసమయంలో ఈ వాస్తవం రెండవ పొరను కప్పివేయకూడదు. చెరువు పూడికకు, నీటి పంపిణీకి, పంటల విధానానికి జవాబుదారీ వహించవలసినవారు "అంతా వాతావరణ మార్పు" అనడం ఎంతో సులభం. పూర్వం విధి చేసిన సేవను ఇప్పుడు ఆ మాట చేస్తోంది. మూడు పొరలను విడదీయడం కేవలం శాస్త్రీయ సూక్ష్మత కోసం కాదు. ఎవరిని ఏమి అడగాలో విద్యార్థికి తెలియడం కోసం.

8. బోధనకు ఒక నమూనా:
ఇటువంటి ప్రదర్శనకు గొప్ప భవనం అవసరం లేదు. ఒక డిగ్రీ కళాశాల తన జంతు, వృక్ష, భూగోళ, తెలుగు శాఖల సహకారంతో ఒక గదిలో దీనిని మొదలుపెట్టవచ్చు. ఎర్రనేలను రాయి తగిలేదాకా నిలువుగా కోసి చూపే మట్టి నమూనా, బోరు వేసినప్పుడు లోతు వారీగా వచ్చే రాతిపొడి, స్థానిక వర్షమాపక నమోదులు, విత్తనాలు, చెరువు కట్ట–తూము–అలుగుల నమూనా ఇందుకు చాలు. విత్తనాల వరుసలో కొర్ర, సామలతో పాటు 1940లో విడుదలై దశాబ్దాలు ఏలిన టి.ఎం.వి.–2 వేరుశనగ, కదిరి పరిశోధనా స్థానం రూపొందించిన కదిరి–6, కదిరి లేపాక్షి రకాలు పక్కపక్కన ఉంటే మారుతున్న నేలకు మనిషి ఇస్తున్న సమాధానం కూడా కనిపిస్తుంది. ప్రతి వస్తువు పక్కనా మూడే ప్రశ్నలు ఉండాలి: ఇందులో భూగోళం ఇచ్చినదేది? మనిషి చేసినదేది? ఇప్పుడు కొత్తగా మారుతున్నదేది?

విద్యార్థులు చూసేవారుగానే మిగలకుండా సేకరించేవారు కావాలి. మృగశిరలో వాన పడేదనీ, ఇప్పుడు పడడం లేదనీ పెద్దలు చెప్పే మాటలను కార్తెల వారీగా నమోదు చేసి, వర్షమాపక లెక్కలతో పోల్చడం ఒక మంచి అభ్యాసం. జ్ఞాపకం, నమోదు కొన్నిచోట్ల కలుస్తాయి, కొన్నిచోట్ల కలవవు. కలవని చోటే అసలైన పాఠం మొదలవుతుంది. వాన తగ్గిందన్న మాట వెనుక తగ్గినది వాన కాక పదును కావచ్చు, లేదా వాన నీరు నిలిచే చెరువు కావచ్చు. ఇటువంటి పనికి పూర్వోదాహరణ ఉంది. రైతులే నిర్వహించే భూగర్భజల వ్యవస్థల పథకం 2003 తరువాత అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. అందులో రైతులు స్వయంగా వర్షపాతాన్ని, బోర్లలో నీటిమట్టాన్ని కొలిచి, రబీకి ముందు ఊరి పంట–నీటి లెక్క వేసుకున్నారు. అక్షరాస్యత తక్కువైన పల్లెలు చేయగలిగిన పనిని కళాశాల చేయలేదనడానికి వీలులేదు.

దీనిపై రెండు అభ్యంతరాలు రావచ్చు. మట్టి, విత్తనం, చెరువు చేరితే అది ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల ఎలా అవుతుందన్నది మొదటిది. ప్రకృతిని మనిషి నుంచి వేరుచేసిన పాత నిర్వచనమే ఈ అభ్యంతరానికి ఆధారం. మానవకార్యం శీతోష్ణస్థితినే మార్చుతున్న కాలంలో ఆ నిర్వచనం నిలవదు. రెండవ అభ్యంతరం మరింత గట్టిది. కారణాలను ఇంత స్పష్టంగా విడదీయడం నిపుణులకే కష్టమైనప్పుడు డిగ్రీ విద్యార్థికి సాధ్యమా? ప్రతి సందర్భంలోనూ సాధ్యం కాదు. ఒక ఏడాది పంటనష్టంలో ఏ పొర వాటా ఎంతో అంకెల్లో తేల్చడం విద్యార్థి పని కాదు. కారణాలు ఒకటి కన్నా ఎక్కువ ఉన్నాయని, వాటికి వేర్వేరు వయసులున్నాయని గుర్తించడం మాత్రం అతని పరిధిలోనిదే. ఆ గుర్తింపు లేకుండా నేర్చిన వాతావరణ మార్పు పాఠం పరీక్షపత్రం దాటి బయటికి రాదు.

9. ముగింపు:
ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల బలం తేదీ వేసిన సాక్ష్యంలో ఉంది. దాని బలహీనత మనిషి లేని ప్రకృతిని చూపడంలో ఉంది. అనంతపురం విద్యార్థికి మొదటిది కావాలి, రెండవది అక్కరలేదు. రాయలసీమలోనే కోట్ల ఏళ్ళ రాయి, వేల ఏళ్ళ బూడిద, ఆరున్నర శతాబ్దాల శాసనం, నిన్నటి వర్షమాపక నమోదు ఉన్నాయి. వాటిని ఒక వరుసలో పెట్టి చూపితే 'వాతావరణం', 'కరువు' అన్న రెండు మాటల్లో కలిసిపోయిన అర్థాలు వేరుపడతాయి. బోధనాసంస్థలు మొదట చేయవలసిన పని చిన్నది: తమ శాఖలలో ఉన్న నమూనాలకు, ఇకపై చేర్చే వాటికి స్థలాన్ని, తేదీని రాసిపెట్టడం. నేటి విద్యార్థి నమోదు చేసిన బోరు మట్టం, విత్తిన తేదీ, వాన కొలత 30 ఏళ్ళ తరువాతి విద్యార్థికి పోలిక కోసం దొరికే పాత సాక్ష్యమవుతుంది. గ్రినెల్ బృందం యోసెమిటీకి చేసిన ఆ పనిని అనంతపురానికి చేయడం ఇక్కడి కళాశాలల చేతిలోనే ఉంది.